వెల్లకిలా పడిన పిల్లి

గొడవ ఒక ఉసిరికాయ దగ్గర మొదలైంది.

నిరుటి ఊరగాయలో చివరికి మిగిలిన కాయ అది. పోలమ్మ దాన్ని రాచ్చిప్పలో వేసి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించి, అత్తగారి చద్దన్నంలోకి ఉంటుందని వంటింటి గూట్లో దాచింది. పొద్దున్నే పళ్లెం తీసి చూస్తే రాచ్చిప్ప ఖాళీ. గింజ మాత్రం గూటి అంచున ఉంది. పీచు లేకుండా చప్పరించి, విందుకు వచ్చిన పెద్దమనిషి పెట్టినట్టు మర్యాదగా ఒక పక్కన పెట్టి ఉంది.

కోడలే తిని మరచిపోయి ఉంటుందని అత్తగారు బయ్యమ్మ తేల్చేసింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి తాను దాచింది తాను తిన్న పాపాన పోలేదని పోలమ్మ బదులు చెప్పింది. అయితే పిల్లి తిని ఉంటుందంది బయ్యమ్మ. ఆ ఇంట్లో పిల్లులకు కొదవ లేదు. గాదె మీద పిల్లి, అటక మీద పిల్లి, ఆరిన పొయ్యిలో పిల్లి, ఆ మాట అంటున్న బయ్యమ్మ ఒళ్లో కూడా పిల్లే.

"పిల్లి ఉసిరికాయ తింటుందా అత్తా?" అంది పోలమ్మ. "తిన్నా, గింజ తీసి పక్కన పెడుతుందా?"

ఇద్దరి చూపూ ఒక్కసారే పెరట్లో వడ్లు దంచుతున్న పనివాడు సింగన్న మీదికి మళ్లింది. మొన్న బెల్లం ముక్క కూడా ఇలాగే మాయమైందని ఒకరు గుర్తు చేశారు. అడిగితే పెట్టకపోయామా అని ఇంకొకరు అందుకున్నారు. బావి దగ్గర నీళ్లు తోడుతున్న మనుమరాలు మాచమ ఆపబోయింది గాని, ఆలస్యమైపోయింది. సింగన్న రోకలి కింద పెట్టేశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఊరగాయ దొంగిలించే గతి నాకు పట్టలేదు," అన్నాడు. "మా నగరులో నా కంచం ముందు వరసగా జాడీలు పట్టుకుని నిలబడేవాళ్లు. ఏది కావాలో చూపిస్తే..."

బయ్యమ్మ గభాలున వెళ్లి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఒరే సింగన్నా, నువ్వు వడ్లు దంచేవాడివి," అంది మెల్లగా. "ఆ సంగతి నువ్వే మరచిపోతే ఎలాగరా?"

అతను వడ్లు దంచేవాడు కాడు. కురువింద రాజ్యానికి యువరాజు, జయకేసరి. నల్లశిఖరపు మాంత్రికుడు కాకోలుడు మహారాజును సింహాసనం మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే రాతిబొమ్మగా మార్చాడు. పున్నమినాడు కన్నకొడుకు చెయ్యి తగిలితే ఆ రాయి మళ్లీ మనిషవుతుంది. ఆలోగా కొడుకు దొరికితే కోటే కాకోలుడిదవుతుంది. అందుకే మంత్రులు యువరాజుకు మామూలు తలపాగా చుట్టి, చేతికి రోకలి ఇచ్చి, ఎవరికీ అనుమానం రాని ఇంట్లో దాచారు. అతను రోకలి పట్టడం నేర్చుకున్నాడు గాని, నిందపడటం ఇంకా నేర్చుకోలేదు.

అటక మీద పడుకున్న బూడిదరంగు పిల్లి ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది. దాన్ని ఎవరూ చూడలేదు.

ఆ పిల్లి మొన్నటి వానలో కుంటుకుంటూ వచ్చింది. ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. కొత్త పిల్లి ఏది వచ్చినా, పాలు పోసే ముందు దాన్ని ఒక్కసారి గడ్డివామి మీదికి విసిరి చూడాలి. నాలుగు కాళ్ల మీద నిలిస్తే ఇంటి పిల్లి. ఈసారి పోలమ్మకు జాలి పుట్టింది. కాలు బాగుపడ్డాక విసరవచ్చులే అని పాలు ముందే పోసేసింది. ఆచారం తప్పావని బయ్యమ్మ రెండు పూటలు సణిగి, మూడో పూట తనే దాని కాలికి పసుపు పూసింది.

ఇంతలో కోట బురుజు మీద కొమ్ము ఊదారు.

మాచమ చేద వదిలేసింది. గోడకు వేలాడే వెడల్పాటి వెదురుబుట్ట వీపుకు తగిలించుకుని ఈల వేసింది. గాదె మీదివి, అటక మీదివి, పొయ్యిలోవి, పిల్లులన్నీ ఒళ్లు విరుచుకుని వచ్చి, ఎవరి చోటు వారికి ఉన్నట్టు బుట్టలో ఎక్కి కూర్చున్నాయి. బూడిదపిల్లి మాత్రం అటక దిగి, నింపాదిగా ఇంటి కప్పు మీదికి వెళ్లింది.

కురువింద కోటను ఎర్రరాతితో కట్టారు. పొద్దు పొడిచే వేళ దూరం నుంచి చూస్తే కొండ నెత్తిన ఎవరో నిప్పుకణిక పెట్టి ఊదినట్టు ఉంటుంది. బురుజులకు సింహముఖాలు, సింహాల నోళ్లలో కంచు గంటలు, గంటల నాలుకలకు నెమలీకలు. గాలి వీస్తే కోటంతా సన్నగా పాడుతుంది. అగడ్తలో తామరలు పూసే చోట మొసళ్లు, మొసళ్లు తిరిగే చోట తామరలు. ఇన్ని కాపలాలు ఉన్నా ఆ కోటకు ఒక దిక్కు తెరిచే ఉంది. అది ఆకాశం. కాకోలుడి దండు వచ్చేది ఆ దారినే.

అతని సైనికులు పావురాల మీద వస్తారు. కాకోలుడు మంత్రించిన జొన్నలు మేపి ఒక్కొక్క పావురాన్ని ఎనుబోతంత చేశాడు. వాటి రెక్కల గాలికి ఇళ్ల పెంకులు లేచిపోతాయి. వాటి కూతకు నేల మీద బిందెలు కదులుతాయి. బాణాలు వాటి ఈకల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. అయితే పావురం ఎంత పెరిగినా దాని గుండె పావురం గుండే, పిల్లి కనబడితే అదిరిపోతుంది. ఈ సంగతి మొదట కనిపెట్టింది మాచమ తాతగారు. అప్పటి నుంచి ఆ ఇంటివాళ్లను విసురువారు అంటారు.

పిల్లిని విసరడం చేతనైనవాళ్ల పని. తోక పట్టి తిప్పేవాడు విసురువాడు కాడు, వెర్రివాడు. ఎడమ అరచెయ్యి పొట్ట కింద, కుడి అరచెయ్యి వెనక కాళ్ల కింద ఉంచి, ఉయ్యాల ఊపినట్టు నడుముతో ఊపాలి. చేతిలో పిల్లి ఒళ్లు బిగించిన క్షణాన వదలాలి. సగం విసురు మనిషిది, సగం దూకుడు పిల్లిది. పిల్లికి ఇష్టం లేకపోతే బుట్టలో పెట్టేసి ఇంకోదాన్ని తీసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. విసిరిన చేతితోనే అన్నం పెట్టాలి. విసిరిన పిల్లి ఇల్లు చేరి ముద్ద తినేదాకా ఇంట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చోకూడదు. ఆ చేతి ముద్ద తిన్న పిల్లి ఎంత దూరాన పడినా ఆ చేతికే తిరిగి వస్తుంది.

మాచమ తండ్రి వీరమల్లు ఆ విద్యలో సాటిలేనివాడు. కిందటి యుద్ధంలో చివరి పిల్లిని విసిరి ఖాళీ చేతులతో నిలబడ్డ సమయాన ఒక పావురం అతన్ని భుజాలు పట్టి ఎత్తుకుపోయింది. నల్లశిఖరం మీద పావురాల గోపురంలో బందీగా ఉన్నాడని వేగులు చెప్పారు. ఆనాటి నుంచి కోటగోడ మీద అతని చోట మాచమ నిలబడుతోంది. పోలమ్మ ప్రతిపూటా అతని చోట ఖాళీ విస్తరి వేస్తోంది.

మాచమ తమ పెరటిని ఆనుకున్న కోటగోడ ఎక్కేసరికి ఉత్తరాన ఆకాశం నల్లబడి ఉంది. మొదటి పావురం కంచు గంటను కాలితో తన్ని లోపలికి దూసుకొచ్చింది. మాచమ ఉరుమును తీసింది. ఉరుము నల్లగండు పిల్లి, ఒక చెవి చిరిగింది, ఎవరినీ లెక్కచెయ్యదు. చేతిలో ఒళ్లు బిగించగానే మాచమ వదిలింది. అది గాల్లో ఒక మెలిక తిరిగి, పావురం మెడ మీద నాలుగు కాళ్లతో దిగింది. అంత పెద్ద పక్షీ కళ్లు తేలేసి, రౌతును అగడ్తలోకి దొర్లించి, వచ్చిన దారిన పారిపోయింది. ఉరుము దారిలోనే బురుజు మీదికి దూకి మూతి తుడుచుకుంది.

తరువాత తగవులమారిని విసిరింది. అది ఒక పావురం మీద దిగి, అది చాలక పక్కదాని మీదికి గెంతి, రెండింటికీ పోట్లాట పెట్టింది. లావుపిల్లి గంగాళాన్ని విసరడానికి రెండు చేతులూ నొప్పెట్టాయి. అది బరువెక్కి గురి తప్పి, ఏకంగా కాకోలుడి దండనాయకుడి శిరస్త్రాణం మీద పడింది. అక్కడ వెచ్చగా ఉందేమో, పట్టు వదలకుండా కూర్చుంది. అతను కత్తి దూయబోతే దాని తోక కళ్లకు అడ్డం వచ్చింది. నెత్తిన పిల్లితో యుద్ధం చేసేదెలాగో అతనికి ఎవరూ నేర్పలేదు. వెనక్కు తిరగమని కేకలు పెట్టాడు. గోడ మీది సైనికులు నవ్వు ఆపుకోలేక ఈటెలు జారవిడుచుకున్నారు.

అయినా ఒక్క పావురం వెనక్కు తిరగలేదు. అది బురుజులను, సైనికులను వదిలేసి, తిన్నగా మాచమ ఇంటి పెరటి మీదికి దిగుతోంది. అక్కడ రోటి పక్కన సింగన్న ఉన్నాడు.

దానికి దారి ఎవరు చెప్పారో మాచమకు అప్పుడు కనబడింది. కప్పు దూలం మీద బూడిదపిల్లి నిలబడి, తోకను జెండాలా అటూ ఇటూ ఊపుతోంది. పావురం దాన్ని చూసి బెదరడం లేదు సరికదా, దాని వైపే వస్తోంది.

మాచమ బుట్ట తడిమింది. ఖాళీ. తండ్రి కూడా ఇలాగే ఖాళీ చేతులతో నిలబడ్డాడు. ఆమె నిలబడలేదు. గోడ మీంచి గాదె మీదికి, గాదె మీంచి కప్పు మీదికి దూకి, బూడిదపిల్లిని పొట్ట కింద చెయ్యి వేసి పట్టుకుంది. అది ఒళ్లు బిగించలేదు. గోళ్లన్నీ ఆమె చేతిలో దింపి వేలాడింది. కట్టుబాటు ప్రకారం కింద పెట్టేయాలి. మాచమ పళ్లు కొరుక్కుని, ఉన్న బలమంతా పెట్టి, పావురం ముఖాన విసిరింది.

పిల్లి గాల్లో బొంగరంలా తిరిగింది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాచి, పావురం ముక్కుకు తగిలి, అక్కణ్ణుంచి గడ్డివామి అంచు మీద వెల్లకిలా పడి, అక్కడా ఆగక జారి, నేల మీద నడుం విరిగేలా మళ్లీ వెల్లకిలాగానే పడింది.

"చచ్చానురా దేవుడా," అని మూలిగింది. స్పష్టంగా, మగగొంతుతో.

పావురం ఆ గొంతు గుర్తుపట్టింది. యజమాని పిలిచాడనుకుని బుద్ధిగా పెరట్లో దిగి, రెక్కలు ముడుచుకుంది. ఆ కుదుపుకు రౌతు రోటి పక్కన దొర్లాడు. సింగన్నకు రోకలి వాడకం బాగానే అలవాటైంది. రౌతు మళ్లీ లేవలేదు. ఆకాశంలో మిగిలిన పావురాలు నాయకుడు లేక చెల్లాచెదురై కొండల వెనక్కు పోయాయి.

నేల మీద పిల్లి మెడ దగ్గర, బొచ్చులో దాచుకున్న నల్లగవ్వ ఒకటి పగిలి రెండు ముక్కలై పడి ఉంది. అది చూసి పిల్లి కళ్లు గుండ్రంగా అయ్యాయి. మంత్రమేదో గొణిగింది. ఏమీ జరగలేదు. మళ్లీ గొణిగింది. మీసాలు మాత్రం కదిలాయి.

బయ్యమ్మ గంప తెచ్చి దాని మీద బోర్లించి, గంప మీద తిరగలిరాయి పెట్టింది.

"కన్నతల్లినైనా మరుస్తుందేమో గాని, పడేటప్పుడు పిల్లి తన కాళ్లను మరవదు," అంది. "నేను మొదటి రోజే విసరమన్నాను."

పోలమ్మ గంప దగ్గర గొంతుక్కూర్చుని, వెదురు సందుల్లోంచి లోపలికి చూసింది. "ఉసిరికాయ తిన్నది నువ్వేనా?" అని అడిగింది. లోపల పిల్లి మూతి నాక్కుంది. ఆమె లేచి కొంగు దులుపుకుంది. "గింజ కూడా వీడిదే అత్తా," అని చెప్పి వంటింట్లోకి వెళ్లింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి నీళ్ల తూములోంచి పిల్లులు ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. ఉరుము వచ్చింది. తగవులమారి నోట్లో ఒక పెద్ద ఈకతో వచ్చింది. గంగాళం అందరికన్నా వెనక, ఎర్రపట్టు కుచ్చు ఒకటి మెడకు చుట్టుకుని వచ్చింది. అది దండనాయకుడి శిరస్త్రాణానిది. మాచమ ఒక్కొక్కదానికీ ముద్ద కలిపి తినిపించింది. అప్పుడు పోలమ్మ విస్తళ్లు వేసింది. బయ్యమ్మకు, మాచమకు, సింగన్నకు, ఖాళీ చోటున వీరమల్లుకు.

మాచమ కూర్చోబోతుంటే నాయనమ్మ ఆపింది. "ఇంకొక పిల్లి ఉంది."

"అది పిల్లి కాదు నాయనమ్మా."

"విసిరావు కదా. విసిరిన చేతే పెట్టాలి. వాడు ఎవడైతే మనకేమిటి, మన ఆచారం మనది. ఒకసారి తప్పి చూశాం, చాలు."

గంప ఎత్తారు. కాళ్లకు తాడు కట్టి ఉన్నా బూడిదపిల్లి తల ఎత్తే కూర్చుంది. తాను నల్లశిఖరాధీశుడు కాకోలుణ్ణని, తన పేరు వింటే పసిపిల్లలు ఏడుపు మానేస్తారని చెప్పుకుంది. విన్నామని, పాలు కావాలో అన్నం కావాలో చెప్పమని బయ్యమ్మ అడిగింది.

అప్పుడు కాకోలుడు గొంతు తగ్గించాడు. ఆ మాటలు ఎవరికి చెబితే ఎక్కడ తగులుతాయో అతనికి తెలుసు. పోలమ్మ వైపే చూస్తూ చెప్పాడు.

"ఇవాళ పొద్దు గుంకేలోగా నేను శిఖరం చేరకపోతే, నీ మగణ్ణి గోపురం మీంచి తోసేయమని చెప్పి వచ్చాను. ఆ వడ్లు దంచేవాడు ఎవరో నాకు తెలుసు. వాణ్ణి, ఆ గవ్వ ముక్కలను నా ఎదుట పెట్టు. రేపు ఈ ఖాళీ విస్తరి ముందు నీ వాడు కూర్చుంటాడు."

పోలమ్మ చేతిలో గరిటె ఆగింది. పప్పు చుక్క ఒకటి గరిటె చివర పేరుకుని, ఖాళీ విస్తరి మీద పడింది. ఆమె దాన్ని వేలితో తుడిచేసింది.

జయకేసరి ముందుకు వచ్చాడు. తన ఒక్కడి కోసం ఈ ఇంట్లో ఒక విస్తరి ఇన్నాళ్లూ ఖాళీగా ఉందని, ఇక తనను వెళ్లనివ్వమని, చేతులు జోడించాడు.

"ఆగు బాబూ," అంది పోలమ్మ. "అన్నం వేళ గడప దాటకూడదు." అతని విస్తట్లో పప్పు వేసి, పక్కన కొత్త జాడీ విప్పి ఉసిరికాయ వేసింది. అప్పుడు పిల్లి వైపు తిరిగింది. "ఈ ఇంట్లో ముద్ద తిన్న పిల్లినే మేం వదులుకోం. మనిషిని ఇస్తామని ఎలా అనుకున్నావు? ఆయన వచ్చి, నా చోట ఎవరిని అమ్మి నన్ను కొన్నావని అడిగితే ఏం చెప్పను?"

అంత మాట అన్నది గాని, ఆమె చూపు ఖాళీ విస్తరి మీదికే పోవడం మాచమ చూసింది.

పెరట్లో రోటికి తాడుతో కట్టేసిన పావురం చెదిరిన ఊక ఏరుకు తింటోంది. ఒక ముక్కు తినడం, తల ఎత్తి ఉత్తరానికి చూడటం. మళ్లీ తినడం, మళ్లీ ఉత్తరానికి చూడటం. ఉత్తరాన నల్లశిఖరం ఉంది. మాచమ పావురాన్ని, శిఖరాన్ని మార్చి మార్చి చూసింది. ఆ తరువాత అన్నంలో ఉసిరికాయ చిదిమి, ముద్ద చేసి, కాకోలుడి నోటి ముందు పెట్టింది.

అతను ముఖం తిప్పుకున్నాడు. ముక్కు మాత్రం తిరగలేదు. కాసేపు పౌరుషం, ఊరగాయ పోట్లాడుకున్నాయి. చివరికి ముద్ద తిన్నాడు. గింజను నాలుకతో తీసి, మర్యాదగా ఒక పక్కన పెట్టాడు.

"నా చేతి ముద్ద తిన్నావు," అంది మాచమ. చెయ్యి కడుక్కుని వచ్చి తన విస్తరి ముందు కూర్చుంది. అందరికీ వినబడేలా, గొంతు పెంచకుండా చెప్పింది.

"పావురం తన గూడు మరవదు. తాడు విప్పితే తిన్నగా గోపురానికే పోతుంది. నేను దాని మీద ఎక్కుతాను. ఇతన్ని బుట్టలో పెట్టుకుని వెళ్లి, ఇతని కోట నడిబొడ్డున నేనే విసురుతాను. ఎలాగూ వెల్లకిలా పడతాడు, ఎలాగూ అరుస్తాడు. ఆ అరుపు వింటే పావురాలన్నీ అక్కడ దిగుతాయి, మనుషులందరూ అక్కడికే పరుగెత్తుతారు. నాన్న తలుపు తియ్యడానికి నాకు ఆ సందు చాలు. పొద్దు గుంకేలోగానే వెళ్తున్నాను. ఇది అడగడం కాదు, చెప్పడం."

కాకోలుడి బొచ్చంతా లేచి నిలబడింది. అది అవమానమని, నల్లశిఖరాధీశుణ్ణి ఎవరూ విసరకూడదని ఏదో అనబోయాడు. ఉరుము వచ్చి అతని పక్కన కూర్చుని, అతన్ని చూస్తూ పంజా నాకడం మొదలెట్టింది.

తానూ వస్తానని జయకేసరి అన్నాడు. పున్నమిదాకా అతని చెయ్యి ఈ కోటలోనే ఉండాలని, గోడ మీద తన చోట నిలబడమని మాచమ చెప్పింది. ముందు పిల్లికి ముద్ద కలపడం నేర్చుకోమని, విసరడం తరువాత నేర్పుతానని బయ్యమ్మ అందుకుంది. గంగాళం అప్పుడే అతని విస్తట్లో చెయ్యి పెట్టింది.

పోలమ్మ మంచినీళ్ల చెంబు తీసుకుని వెళ్లి, భర్త చోట వేసిన విస్తరి ముందు వంగింది. ఇన్నాళ్లూ ఆ విస్తరి పొడిగానే ఉండిపోయేది. ఈరోజు దాని మీద నీళ్లు చల్లి, అరచేత్తో ఆ మూల నుంచి ఈ మూలకు తుడిచింది, వడ్డించబోయే ముందు తుడిచినట్టు.

"తడి ఆరేలోగా ఇద్దరూ రండి," అంది. "అప్పటిదాకా ఎవరం తినం."